వేలు ఒకచోట, పాఠం ఒకచోట

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు ఇద్దరు ముగ్గురు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, "మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన పిల్లలెవరు మేడమ్?" అని అడుగుతారు. పెద్ద పెద్ద ఉద్యోగాల్లో స్థిరపడిన వాళ్ళ సంగతులు చెబుతానని వాళ్ళ ఆశ. నేను మాత్రం ఎప్పుడూ ఒక పిల్ల గురించే మొదలుపెడతాను. నా క్లాసులో అందరికంటే బాగా చదువుతుందని నేను ఊరంతా చాటిన పిల్ల. ఆ పిల్లకు చదవడం రాదు.

అప్పటికి నాకు ఉద్యోగంలో రెండో ఏడు. ఎనభైల మొదట్లో, మండలాలు ఇంకా రాని రోజులు. మా బళ్ళన్నీ పంచాయతీ సమితి కింద ఉండేవి. మాది నరసరావుపేట. పోస్టింగు గురజాల దాటి మాచర్ల పోయే దారిలో, బస్సు దిగి లోపలికి నడవాల్సిన ఒక చిన్న ఊళ్ళో వచ్చింది. నాపరాళ్ళ క్వారీల ఊరు. ఇంటి కప్పూ ఆ రాయే, వాకిట్లో అరుగూ ఆ రాయే, ఆఖరికి దొడ్లకు కంచెగా నిలబెట్టేదీ ఆ రాయే. ఎండాకాలంలో ఆ బండలు పొద్దున ఏడింటికే కాలిపోయేవి. చెప్పులు లేకుండా తిరిగే పిల్లలు నీడ నుంచి నీడకు గెంతుతూ బడికి వచ్చేవాళ్ళు.

బడికి రెండు గదులు, రెండే తరగతులు. ఒకటో తరగతి ఒక పెద్ద మాస్టారు చూసేవారు. రిటైరవడానికి దగ్గర్లో ఉన్న మనిషి, నెమ్మదస్తుడు, దేనికీ కంగారు పడేవారు కాదు. రెండో తరగతి నాది. మూడో తరగతికి పిల్లలు రెండు మైళ్ళ అవతల పెద్దూరి బడికి నడిచి వెళ్ళాలి. చాలామంది వెళ్ళేవాళ్ళు కాదు. రెండుతో ఆగిపోయి మగపిల్లలైతే గేదెల వెంట, ఆడపిల్లలైతే ఇంట్లో చంటిపిల్లల వెంట పడిపోయేవాళ్ళు. దాన్ని మారుస్తానని నాకు గట్టి నమ్మకం. ఇరవై నాలుగేళ్ళ వయసులో ఎవరికైనా ఉండే నమ్మకమే అది.

ఆ పిల్ల క్వారీలో రాయి కొట్టే మనిషి కూతురు. ఎనిమిదేళ్ళు. మనిషి సన్నం, గొంతు మాత్రం గుడి మైకులాగా ఖంగుమనేది. నా క్లాసులో నలభై మందికి పైగా పిల్లలుంటే, పుస్తకాలున్నవాళ్ళు పది మందో పన్నెండు మందో. అందుకని ఒకరు ముందు నిలబడి చదివితే మిగిలినవాళ్ళు వెనక అనేవాళ్ళు. ఆ నిలబడేది ఎప్పుడూ ఈ పిల్లే. పుస్తకం ఎడమ చేతిలో పట్టుకుని, కుడి చూపుడు వేలు వరస కింద జరుపుకుంటూ, ఒక్క తప్పు లేకుండా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ చదివేది. సరిగ్గా సమయానికి పేజీ తిప్పేది. నేను కుర్చీలో కూర్చుని హాజరు పట్టీ పూర్తి చేసుకునేదాన్ని. ఇంత బాగా నేర్పానన్న సంతోషంలో ఒక్కసారి కూడా లేచి ఆ వేలు ఏ అక్షరం మీద ఉందో చూడలేదు.

వాళ్ళమ్మ కనబడితే చెప్పేదాన్ని. "మీ పిల్ల క్లాసులో ఫస్టు. ఎంతవరకైనా చదివించొచ్చు." ఆమె మొహం విప్పారిపోయేది. మిరపకోతల రోజుల్లో కూడా పిల్లను బడి మాన్పించలేదంటే నా మాట మీదే.

ఏప్రిల్లో ఒంటిపూట బడులు నడుస్తుండగా పెద్దూరి బడి హెడ్మాస్టరు మా బడికి వచ్చారు. ఏటా వేసవి సెలవులకు ముందు సైకిలు మీద వచ్చి, జూన్లో తన దగ్గరకు రాబోయే పిల్లలను ఒకసారి చూసుకుపోవడం ఆయన అలవాటు. తెల్ల పంచె, చొక్కా జేబులో రెండు పెన్నులు, నవ్వని మొహం. పిల్లలు చదవలేకపోతే మొహమాటం లేకుండా కింది తరగతిలో వేసేస్తారని పేరు.

నేను గర్వంగా ఈ పిల్లనే ముందు నిలబెట్టాను. కుందేలు పాఠం ఎత్తుకుంది. హెడ్మాస్టరు కాసేపు విన్నారు. లేచి చేతులు వెనక్కి కట్టుకుని నెమ్మదిగా ఆ పిల్ల వెనక్కి వెళ్ళి నిలబడ్డారు. భుజం మీద నుంచి పుస్తకంలోకి చూశారు.

"ఆగమ్మా," అన్నారు. తన అరచెయ్యి పేజీ మీద పెట్టి, వేళ్ళ సందులో ఒకే ఒక్క మాట కనబడేట్టు చేశారు. "ఇదేంది? ఈ ఒక్క మాట చెప్పు."

పిల్ల పాఠం మొదటి నుంచి లోపల్లోపల గొణుక్కుంటూ వచ్చింది. పెదాలు కదులుతున్నాయి. కానీ ఆ చెయ్యి కింద ఏముందో అందలేదు. ఆయన బోర్డు దగ్గరకు వెళ్ళి 'తల' అని రాశారు. అదీ రాలేదు. చెరిపి 'పలక' అని రాశారు. పిల్ల నావైపు తిరిగి చూసింది. ఏదో ఆటలో నియమాలు ఉన్నట్టుండి మార్చేస్తే పిల్లలు చూసే చూపు అది.

"వేలు ఒకచోట, పాఠం ఒకచోట పోతుంది అమ్మాయ్," అన్నారాయన నాతో. గొంతు పెంచలేదు. "పుస్తకమంతా నోటికొచ్చు. అక్షరం ముక్క రాదు. జూన్లో నా దగ్గరికొస్తే ఒకటో తరగతి రిజిస్టర్లో రాసుకుంటా. నేను చెయ్యగలిగింది అదే."

ఎనిమిదేళ్ళ పిల్ల, ఐదేళ్ళ పిల్లల మధ్య. ఆయన సైకిలెక్కి వెళ్ళిపోయాక నేను పెద్ద మాస్టారి గదిలోకి పోయి జరిగింది చెప్పాను. ఆయన తలూపారు.

"నా దగ్గరా అట్టాగే చదివింది. నాకు ఒకట్రెండు సార్లు అనుమానం వచ్చింది."

"మరి నాకు చెప్పలేదేం మాస్టారూ?"

"చెబుదామనే అనుకున్నా. నువ్వేమో వచ్చిన కొత్త. రోజూ ఆ పిల్లని మెచ్చుకుంటా సంబరపడుతుంటివి. ఎందుకులే పాడుచెయ్యటం అని ఊరుకున్నా." తల దించుకుని, "తప్పే," అన్నారు.

ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను గానీ కుదరలేదు. ఏడాది పాటు ఆ పిల్ల నా కళ్ళెదుట నిలబడింది. ఆయన ఎదుట కాదు.

మర్నాడు తండ్రి బడికి వచ్చాడు. చేతుల నిండా రాతి దుమ్ము, పని మధ్యలో వచ్చినట్టున్నాడు. గడప బయటే నిలబడ్డాడు.

"మా పిల్ల ఫస్టని మీరే గదమ్మా చెప్పింది. ఇప్పుడేందో మళ్ళీ ఒకట్లో కూసోబెడతారంట?"

"నాదే పొరపాటండీ. నేను సరిగ్గా చూడలేదు."

అతను అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "రెండేళ్ళు పోయినియ్. మళ్ళీ ఒకటంటే నేను పంపియ్యను. వాళ్ళమ్మ కూలికి బోతే సంటోడు నాపరాళ్ళ మీద పడి దేక్కుంటా ఉంటన్నాడు. వాణ్ణి చూసుకుంటాది. చాల్లే, నాలుగు పద్యాలు వచ్చినయ్ గదా," అని తిరిగాడు.

"జూన్ దాకా ఆగండి," అన్నాను. "మూడో తరగతికి తయారు చేసి పంపుతా. అప్పుడు కూడా తీసుకోకపోతే మీ ఇష్టం."

"సెలవులు గదా?"

"నేను ఇక్కడే ఉంటా."

ఆ మాట అనేదాకా ఉంటానని నాకే తెలియదు. మా పిన్ని కూతురి పెళ్ళి మే నెలలో చిలకలూరిపేటలో ఉంది. నాకు పట్టుచీర కూడా కొని ఉంచారు. రాలేనని ఉత్తరం రాస్తే మా అమ్మ నుంచి వచ్చిన జవాబులో నాలుగే వాక్యాలున్నాయి. నాలుగోది 'నీ ఇష్టం' అని.

సెలవులిచ్చిన రోజు పెద్ద మాస్టారు బడి తాళం నా చేతికిచ్చారు. "ఎండలకి తలుపు బిగుసుకుపోద్ది. కింద కాలితో ఒక్కటియ్యి, వచ్చుద్ది," అన్నారు. ఆ వేసవికి ఆయన నాకిచ్చిన సలహా అదొక్కటే.

పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి, ఎండ ముదిరేలోగా, తొమ్మిదింటికి ఆపేసేవాళ్ళం. బడి వరండాలో నేనూ, ఆ పిల్లా. ఒక్కోరోజు చంకలో తమ్ముణ్ణి వేసుకుని వచ్చేది. వాడు వరండా స్తంభాన్ని పట్టుకుని నిలబడి మా ఇద్దరినీ చూసేవాడు.

ట్రైనింగులో నాకు నేర్పిన పద్ధతితోనే మొదలుపెట్టాను. అచ్చులు, హల్లులు, గుణింతాలు. మొదటి రోజు క గుణింతం రాసి చదివించాను. రెండో రోజుకు గడగడా వచ్చేసింది. మూడో రోజు గ, చ, జ. వారం తిరిగేసరికి గుణింతాలన్నీ అప్పజెప్పింది. నా సంతోషం ఇంతా అంతా కాదు. అప్పుడు పలక మీద 'చీ' ఒక్కటి రాసి అడిగాను. "చ, చా, చి, చీ, చు, చూ..." అని చివరిదాకా వెళ్ళిపోయింది. ఎక్కడ ఆగాలో దానికి తెలియదు. పుస్తకం మీద నుంచి తెచ్చిన జబ్బునే నేను గుణింతాలకూ అంటించాను.

నాకు ఒళ్ళు మండింది. పెళ్ళి మానుకున్నాను, ఎండలో పడి ఉన్నాను, అమ్మ చేత మాట పడ్డాను. ఇదంతా ఎవరి కోసం? "చూడవే! కళ్ళు పెట్టి చూడు! నన్ను మోసం చేద్దామనుకుంటున్నావా?" అని చెవి మెలిపెట్టాను. గట్టిగానే. పిల్ల ఏడవలేదు. తమ్ముణ్ణి ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు నేనే వాళ్ళింటికి వెళ్ళాను. తల్లి పొయ్యి దగ్గర ఉంది. నన్ను చూసి లేచింది గానీ ఎప్పటిలా మొహం విప్పారలేదు.

"కొట్టినందుక్కాదు పంతులమ్మా," అంది. "మోసం చేశావన్నారంట గదా. ఇది మోసం చేసే పిల్ల గాదు. అద్దరూపాయి దొరికినా ఎవరిదని ఇల్లిల్లూ తిరిగి అడిగొచ్చుద్ది."

పిల్ల తలుపు వెనక నిలబడి ఉంది. నేను అరుగు మీద కూర్చుని దగ్గరకు పిలిచాను. రాలేదు. అక్కడి నుంచే మాట్లాడింది.

"అందరూ ఇట్టాగే చదువుతారనుకున్నా టీచర్. ముందు మీరు చెబుతారు, మేం ఇనాలి. తర్వాత మేం చెప్పాలి. పుస్తకం ఊరకే చేతిలో పట్టుకోటానికనుకున్నా."

"మరి పేజీ ఎప్పుడు తిప్పాలో ఎట్లా తెలిసేది?"

"బొమ్మని బట్టి."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ ఇన్‌స్పెక్టరూ నన్ను అంత సిగ్గుపడేట్టు చెయ్యలేదు. ఆ పిల్ల ఎవరినీ మోసం చెయ్యలేదు. చదువంటే ఏమిటో నేను చెప్పలేదు కాబట్టి, తనకు తోచింది తను చేసింది. అదీ మాలో ఎవరికీ చేతకానంత బాగా చేసింది. ముందు వేలు కదపడం, వెనక నలభై మంది గొంతు కలపడం, నేను తలూపడం. ఆ క్లాసులో ఇంకెంతమంది అట్లా ఉన్నారో అప్పటికి నాకు తెలియదు. జూన్లో పిలిపించి చూస్తే ఇంకో ఆరుగురు తేలారు. వాళ్ళ జ్ఞాపకశక్తి దీనంత గొప్పది కాదు కాబట్టి మొద్దులని పేరు పెట్టి వెనక కూర్చోబెట్టి ఉన్నాను.

"చెవి నొప్పిగా ఉందా?" అని అడిగాను.

"ఇప్పుడు లేదు."

"మోసం అన్నాను చూడు, అది తప్పు మాట. వెనక్కి తీసుకుంటున్నా."

పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ, "పోవే, రేప్పొద్దున పో," అంది.

ఆ సాయంత్రమంతా ఆలోచించాను. ఈ పిల్లకు ఒకసారి వింటే చాలు, పట్టేస్తుంది. కాబట్టి తను వినని మాటలు కావాలి. పుస్తకంలో పాఠాలన్నీ విన్నవే. ఊళ్ళో ఇంకో పుస్తకం లేదు. ఉన్నా నేను చదివి వినిపించకూడదు. అక్షరాలు దానికి ఇంకా రావు. ఏం చెయ్యాలో తోచక, పొద్దున్నే బడికి వెళ్ళి పలక మీద రెండే రెండు మాటలు రాసి, నోరు మూసుకుని కూర్చున్నాను. 'గోడ బెల్లం.'

పిల్ల వచ్చింది. పలక చూసింది. నన్ను చూసింది. నేను చెప్పనని తల అడ్డంగా ఊపాను. అక్షరం మీద వేలు పెట్టి అడిగితే ఆ ఒక్క అక్షరం మటుకు చెబుతానన్నాను. గ చెప్పాను. దాని నెత్తిన ఉన్నదేమిటో గుణింతం పాడుకుంటూ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. "గో" అంది. డ అడిగింది. అరగంట పట్టింది. రెండో మాట పూర్తయ్యేసరికి ల కింద ఒత్తు దగ్గర ఆగిపోయి, "బె...లం... బెలం... బెల్లమా?" అని నా మొహంలోకి చూసి, పరుగెత్తుకెళ్ళి వరండా పిట్టగోడ మీద చూసింది. అక్కడ నేను కాగితంలో కట్టి పెట్టిన బెల్లం ముక్క ఉంది. మేం ఆలస్యం చేసేసరికి సగం చీమలు పట్టాయి. ఊదుకుని తినేసింది. తమ్ముడికి కాస్త పెట్టింది.

వెనక్కి వచ్చి పలక చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "ఇది ఎవురూ చెప్పలా," అంది. "పలకే చెప్పింది."

ఆ రోజు నుంచి పని దారిలో పడింది. రోజూ పలక మీద ఆ రోజుకు మాత్రమే పనికొచ్చే మాటలు రాసేదాన్ని. 'నీ గౌను జేబు చినిగింది.' 'తమ్ముడు మట్టి తింటున్నాడు చూడు.' 'కుండలో నీళ్ళు లేవు.' చదవగానే చెరిపేసేదాన్ని. ఒకసారి చదివింది మళ్ళీ చూపిస్తే నోటితో చెప్పేస్తుంది కాబట్టి రెండోసారి అనేది లేదు. అట్లా ఆ వేసవిలో కొన్ని వందల వాక్యాలు రాసి ఉంటాను. రాసి రాసి బలపం పొడి వేళ్ళ సందుల్లోకి దిగిపోయింది.

ఒకరోజు వరండాలోకి వెళ్ళేసరికి పలక నా కుర్చీలో ఉంది. మీద వంకర టింకరగా ఏదో రాసి ఉంది. దగ్గరగా పెట్టుకుని చదివాను. 'టీచర్ జడ వంకర పోయింద.' చివర గుడి మర్చిపోయింది. పిల్ల స్తంభం వెనక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. జడ నిజంగానే వంకరగా ఉంది. పెళ్ళికి పోనందుకు బాధ అంతవరకూ మిగిలి ఉంటే, అది ఆ పూటతో పోయింది.

ఒత్తులు చివరిదాకా ఇబ్బంది పెట్టాయి. చదవడం కూడా నిదానంగానే సాగింది. ఒక్కో వాక్యానికి ఆగి, వెనక్కి వెళ్ళి, పెదాలు బిగించి, మళ్ళీ మొదలుపెట్టేది. ఏప్రిల్లో గడగడా చదివే పిల్లను చూసినవాళ్ళు ఎవరైనా జూన్లో చూస్తే, పాపం ఈ పిల్లకు ఏమైందో అనుకుంటారు.

బళ్ళు తెరిచిన రోజు పొద్దున్నే బయలుదేరాం. తల్లి వస్తుందనుకుంటే తండ్రి వచ్చాడు. తలకు తువ్వాలు చుట్టుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. క్వారీలో ఆ పూట నాగా పెట్టి వచ్చాడని తర్వాత తెలిసింది.

పెద్దూరి బడిలో అడ్మిషన్ల హడావుడి. హెడ్మాస్టరు వరండాలో బల్ల వేసుకుని కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి గుర్తుపట్టారు. మాటలేం పెట్టుకోకుండా మూడో తరగతి వాచకం తీసి మొదటి పాఠం తెరిచి పిల్ల చేతిలో పెట్టారు.

"కానియ్."

పిల్ల ఒక్క క్షణం పేజీని చూసి మొదలుపెట్టింది. గడగడా, ఖంగుమని, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ. ఆ పాఠం నేను చెప్పింది కాదు. ఎక్కడో విని పట్టేసింది, చదవడం లేదని నాకు అర్థమైంది. అంతలోనే మనసు తేలికపడింది కూడా. తండ్రి మొహం వెలిగిపోయింది. హెడ్మాస్టరు చేతిలోని పెన్ను రిజిస్టరు మీదికి జరిగింది. ఇంకో నాలుగు లైన్లు అట్లా సాగితే ఆయన మూడో తరగతిలో పేరు రాసేస్తారు. ఎట్లా వచ్చిందో ఎవరడుగుతారు? నేను నోరు విప్పకూడదని నిర్ణయించుకున్నాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. నా వృత్తిలో నేను చేయబోయిన అతి పెద్ద తప్పు అదే, అదీ తెలిసి తెలిసి.

పిల్ల మధ్యలో ఆగింది. పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది.

"ఇది నాకు నోటికొచ్చు సార్. మా పక్కింటి అక్క ఇదే పుస్తకం రోజూ అరుగు మీద కూసోని చదువుద్ది. ఇంకోటి ఇయ్యండి."

తండ్రి బిత్తరపోయాడు. "ఏమే! చెబుతున్నావు గదే చక్కంగా! ఆపావేంది?" అన్నాడు.

హెడ్మాస్టరు కళ్ళజోడు పైకి నెట్టుకుని ఆ పిల్లను కాసేపు చూశారు. తర్వాత ఆయన వెనక గోడకు అంటించి ఉన్న కాగితం వైపు వేలు చూపించారు. ఆయనే పెద్ద పెద్ద అక్షరాలతో రాసి అంటించినట్టున్నారు. "ఇది నిన్ననే రాశా. నువ్వు విని ఉండవు. చదువు."

పిల్ల గోడ దగ్గరకు వెళ్ళింది. మునివేళ్ళ మీద లేచి నిలబడింది.

"మం...చి...నీ...ళ్ళ... మంచినీళ్ళ. కు...ండ... కుండలో... చే...తు...లు... చేతులు మున్... ముంచ...రా...దు."

ఆ వాక్యానికి పట్టినంత సేపు నా సర్వీసులో ఇంకే వాక్యానికీ పట్టలేదు. పక్కన అడ్మిషన్ కోసం వచ్చినవాళ్ళు అసహనంగా కదిలారు. తండ్రి తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. తన కూతురు అందరి ముందు నత్తిగా మాట్లాడుతున్నట్టు తలవంచుకున్నాడు.

"గ్లా...సు...తో తీసు...కొ...న...వలెను. నీళ్ళు..." అని ఆగింది. తర్వాతి మాట 'వృథా'. నేను దానికి ఎప్పుడూ రాసివ్వలేదు. "ఇది రాదు సార్. కింద తోకేదో ఉంది. ఈ తోక మా టీచర్ చెప్పలా."

"వృ," అన్నారు ఆయన.

"వృ...థా. వృథా చే...యు...వారికి..." కడవరకూ వచ్చింది. శిక్ష దగ్గర క్ష ఇంకోసారి అడిగింది. అంతా అయ్యాక ఇటు తిరిగి, "కుండ యాడుంది సార్? దాహమేస్తంది," అంది.

హెడ్మాస్టరు నవ్వారు. ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదలు. "ఆ మూల. గ్లాసుతో తీసుకో," అన్నారు.

పిల్ల నీళ్ళు తాగుతుంటే తండ్రి బల్ల దగ్గరకు వచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "మొదటిది బాగా చదివింది గదండయ్యా. దాంట్లోనే మార్కులు ఎయ్యండి. ఇదేందో ఎండకి తడబడింది."

"మొదటిది విన్నది చెప్పిందయ్యా," అన్నారు హెడ్మాస్టరు. "ఇప్పుడు చదివింది. చదవటమంటే మొదట్లో ఇట్టాగే ఉంటది. ఏడాది పోనీ, నువ్వే చూద్దువు గాని." రిజిస్టరు తిప్పి, మూడో తరగతి పేజీలో పేరు రాశారు. రాశాక నావైపు చూసి, "తోక ఒకటి మిగిలిపోయింది టీచరు గారూ," అన్నారు. అంతవరకూ నన్ను అమ్మాయ్ అనే పిలిచేవారు.

ఆ పిల్ల ఏమైందని మీరూ అడుగుతారు. ఆ బడిలో ఏడు దాకా, తర్వాత గురజాలలో పది దాకా చదివింది. పెళ్ళి చేసుకుని అదే ప్రాంతంలో ఉంది. ఊరి బ్రాంచి పోస్టాఫీసులో ఉత్తరాలు పంచే ఉద్యోగం వచ్చింది. ఎంత పాడు చేతిరాతైనా విడమరిచి చదువుతుందని చుట్టుపక్కల ఊళ్ళలో పేరు. ఎవరింటికి ఏ ఉత్తరం ఎప్పుడొచ్చిందో పదేళ్ళ తర్వాత కూడా తేదీతో సహా చెబుతుందట. ఆ జ్ఞాపకశక్తిని నేను ఒక వేసవంతా శత్రువులా చూశాను. అదెక్కడికీ పోలేదు, పోనవసరమూ లేదు.

నా సంగతి అంటే, ఆ తర్వాత నేను క్లాసులో కుర్చీ వాడటం బాగా తగ్గించాను. చదివే పిల్లల వెనక నిలబడేదాన్ని. వాళ్ళు నాకు ఏం వినిపిస్తున్నారని కాకుండా వేలు ఎక్కడుందో చూసేదాన్ని. మీకు కూడా నేను చెప్పగలిగింది అంతకంటే పెద్దగా లేదు.

ఆ రోజు తిరిగి వస్తూ తండ్రి అడ్డదారిన తీసుకొచ్చాడు. క్వారీ లోపలి నుంచి పోతే అర మైలు కలిసొస్తుందన్నాడు. క్వారీ మొదట్లో రెండు రాతి స్తంభాల మీద ఒక రేకు బోర్డు ఉంది. తుప్పు పట్టింది గానీ అక్షరాలు కనబడుతున్నాయి. అతను దాని కింద నుంచి నాలుగడుగులు వేసి, ఏదో తట్టినట్టు ఆగి, వెనక్కి వచ్చాడు.

"ఇది సదువు," అన్నాడు కూతురితో. పరీక్ష పెట్టినట్టు కాకుండా, నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టుంది ఆ గొంతు.

పిల్ల తలెత్తి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అ...ను...మ...తి... అనుమతి. లే...ని...దే... లో...ని...కి... రా...రా...దు."

"అంటే?"

"అడక్కుండా లోపలికి రాగూడదంట నాన్నా."

అతను బోర్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "పన్నెండేళ్ళ బట్టి రోజూ దీని కిందగానే పోతన్నానమ్మా! ఒక్కడన్నా చెప్పాడా నాకు?" అన్నాడు. నవ్వు ముందు మెల్లగా మొదలై, తర్వాత ఆగలేదు. తలగుడ్డ తీసి కళ్ళు ఒత్తుకున్నాడు. దాన్ని భుజాన వేసుకుని, బోర్డుకు ఎదురుగా బడిపిల్లవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"టీచరమ్మ గారూ, లోపలికి రావచ్చాండీ?"

నేను నవ్వి జవాబు చెప్పబోయాను. కానీ అతను అడుగుతున్నది నన్ను కాదు. పిల్ల రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, అచ్చం నాలాగే తల ఒక పక్కకు వంచి, తండ్రిని ఎగాదిగా చూసింది.

"రావచ్చు," అంది.